గాయపడ్డవాళ్లే వెతుక్కోవాలా?

ఆషాఢమాసంలో మొదటి మంగళవారం బల్కంపేటలో కాలు పెట్టే చోటుండదు. ఎల్లమ్మ కల్యాణం చూడడానికి వచ్చిన జనంతో ఎస్సార్ నగర్ దాకా రోడ్లు నిండిపోతాయి. నేలకు పది అడుగుల దిగువన, బావిలో వెలసిన తల్లి ఆమె. ఆ జనంలో ఉన్నట్టుండి ఒకావిడ శిగమూగుతుంది. జుట్టు విరబోసుకుంటుంది, గొంతు మారిపోతుంది, కళ్లు ఎవరినీ గుర్తుపట్టవు. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు ఏం చేస్తారో గమనించండి. ఎవరూ పారిపోరు. నాటకమని ఎవరూ అనరు. ముక్కూమొహం తెలియని ఆడవాళ్లే ముందుకొచ్చి, పడిపోకుండా పట్టుకుంటారు. చీర సర్దుతారు. పసుపు రాస్తారు, చేతికి వేపకొమ్మ ఇస్తారు. తొక్కిడి తగలకుండా చుట్టూ చోటు చేస్తారు. ఆమె తేరుకునేదాకా అక్కడే ఉంటారు. తేరుకున్నాక నీళ్లు తాగించి, మీవాళ్లు ఎక్కడున్నారమ్మా అని అడిగి, అప్పగించి వెళ్తారు.

అదే పేటలో, గుడికి నాలుగు సందుల అవతల, ఏదో ఒక హాస్టల్లో ఒక అమ్మాయి ఉందనుకుందాం. అమీర్‌పేటలో కోర్సు నేర్చుకోవడానికి ఊరి నుంచి వచ్చింది. ఒక రాత్రి వరండాలో ఎవరో మగమనిషి గట్టిగా అరిచాడు. అంతే, ఆ పిల్ల మంచం మీదే ఉంది గానీ మనసు అక్కడ లేదు. పిలిస్తే పలకదు. చేతులు చల్లబడ్డాయి. చూపు గోడ మీద నిలిచిపోయింది. కాసేపటికి తేరుకుంది గానీ ఆ మధ్యకాలంలో ఏం జరిగిందో ఆమెకు గుర్తులేదు. మర్నాటికి గదిలో ఉండే మిగతావాళ్లు వేరే గదికి మారిపోతారు. వార్డెన్ ఇంటికి ఫోన్ చేసి, మీ పిల్లకు గాలి సోకినట్టుంది, వచ్చి తీసుకుపొండి అంటుంది. అమ్మానాన్నలు పరువు గురించి భయపడతారు. ఆమెను పడిపోకుండా పట్టుకునే చెయ్యి ఒక్కటీ ఉండదు.

గుడి ముందు మనకు తెలిసిన ధర్మం నాలుగు సందులు దాటేసరికి ఎందుకు మరిచిపోతున్నాం? నేను ఈ వ్యాసంలో అడగదలుచుకున్నది ఈ ఒక్కటే.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. భక్తితో వచ్చే పూనకం జబ్బు కాదు. 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ, ఐసీడీ-11, ఈ సంగతి తేల్చి చెప్పింది. ఒక సమాజం తన ఆచారంలో భాగంగా ఒప్పుకున్న పూనకాన్ని రోగంగా లెక్కించకూడదంది. మనిషి కోరుకోకుండా, ఆచారంతో సంబంధం లేకుండా, మళ్లీమళ్లీ వచ్చి చదువునూ పనినీ సంసారాన్నీ కూల్చేదే రోగమంది. కాబట్టి అమ్మవారు పూనే శివసత్తులను రోగులనడం నా ఉద్దేశం కాదు. వాళ్ల చుట్టూ నిలబడే జనంలోని మర్యాద, గాయపడి తన నుంచి తానే తప్పిపోయే మనిషికి కూడా దక్కాలన్నదే నా మాట.

ట్రామా అంటే జరిగిపోయిన కీడు ఒంట్లో ఇంకా జరుగుతూనే ఉండడం. ప్రమాదం కావచ్చు, బాంబు పేలుడు కావచ్చు, ఇంటి తలుపుల వెనక ఏళ్ల తరబడి సాగిన హింస కావచ్చు. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులోనూ కోఠీ గోకుల్ చాట్‌లోనూ బాంబులు పేలాయి. ఆ సాయంత్రం అక్కడుండి బతికినవాళ్లలో కొందరికైనా ఈ రోజు టపాకాయ పేలినా గుండె ఆగినంత పని అవుతుందని ఊహించడం కష్టం కాదు. కానీ పెద్దయ్యాక తగిలిన దెబ్బ వేరు, పసితనంలో నమ్మినవాళ్ల చేతుల్లో తగిలిన దెబ్బ వేరు. పిల్లవాడు ఇంట్లోంచి పారిపోలేడు, ఎదురు తిరగలేడు. అన్నం పెట్టే చెయ్యే కొడుతుంటే ఎవరితోనూ చెప్పుకోలేడు. అప్పుడు మనసు ఒక్కటే దారి వెతుక్కుంటుంది. ఒళ్లు ఇక్కడ వదిలేసి తాను పక్కకు తప్పుకుంటుంది. దీన్నే డిసోసియేషన్ అంటారు. భరించలేని అనుభవాన్ని మనసు తన మామూలు ఎరుక నుంచి విడదీసి వేరుగా ఉంచుతుందని ఫ్రాన్స్‌లో పియర్ జానె 1889లోనే రాశాడు. ఆ పసివాడిని ఆనాడు బతికించింది ఆ తప్పుకోవడమే. పెద్దయ్యాక ప్రమాదం లేనిచోట కూడా అదే అలవాటుగా మిగిలిపోయి బతకనివ్వదు.

ఇలాంటివాళ్లు తమ స్థితిని ఎలా చెబుతారో వినండి. 'నేను నాలా లేను.' 'నన్ను నేనే దూరం నుంచి చూస్తున్నట్టుంది.' 'నిన్న మధ్యాహ్నం ఏం చేశానో గుర్తులేదు.' 'చేతులు నావి కావనిపిస్తోంది.' కొందరు ఫిట్స్ వచ్చినట్టు పడిపోతారు. మన దేశంలో డిసోసియేషన్ తరచుగా ఈ రూపంలోనే బయటపడుతుంది. ఇంట్లోవాళ్లు మెదడు జబ్బేమోనని పరుగెత్తుకొస్తారు. స్కానింగులు చేయిస్తారు, ఈఈజీ తీయిస్తారు, అప్పులు చేస్తారు. రిపోర్టులన్నీ నార్మల్ అని వస్తాయి. ఆ మాట శుభవార్త కావాలి. మన దగ్గర అది నిందగా మారుతుంది. ఏ జబ్బూ లేదంట, ఇదంతా నాటకం, చదువు ఎగ్గొట్టడానికి, పెళ్లి తప్పించుకోవడానికి వేషాలు అంటాం. ఒకసారి ఆ నింద పడ్డాక ఆ మనిషి ఇంకెవరి దగ్గరా నోరు విప్పదు.

ఎంతమంది ఉంటారు ఇలాంటివాళ్లు అంటారా? కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను పలకరించి ఒక అధ్యయనం వెలువరించింది. వాళ్లలో 53 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అలా చెప్పినవాళ్లలో మగపిల్లలు సగం కంటే కాస్త ఎక్కువే. బాధించినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, వాళ్లు నమ్మినవాళ్లు. ఆనాటి ఆ పిల్లలు ఇప్పుడు ఇరవైల్లో, ముప్ఫైల్లో ఉన్నారు. మన ఆఫీసుల్లో పనిచేస్తున్నారు. మన ఇళ్లకు కోడళ్లుగా, అల్లుళ్లుగా వచ్చారు. అందరికీ డిసోసియేషన్ ఉంటుందని కాదు. చాలామంది తమవాళ్ల ఆదరణతో కోలుకుంటారు కూడా. కానీ కోలుకోలేక లోపల ముక్కలైనవాళ్లు మన మధ్యే ఉన్నారన్నది నిజం.

మనం మాత్రం వాళ్లను సినిమాల్లో చూసి అర్థం చేసుకున్నాం. 2005లో తెలుగునాట రెండు సినిమాలు హోరెత్తించాయి. అపరిచితుడులో ఒకే మనిషిలోని మరో రూపం హత్యలు చేస్తుంది. చంద్రముఖిలో ఒక స్త్రీ మరొకరిగా మారి ఇంటివాళ్ల ప్రాణం మీదికి తెస్తుంది, చివర్లో పెద్ద హంగామాతో ఒక్క రాత్రిలో నయమైపోతుంది. రెండూ అబద్ధమే. డిసోసియేషన్ ఉన్న మనిషి ఎదుటివాళ్లకంటే తనకు తానే ఎక్కువ హాని చేసుకునే ప్రమాదం ఉంటుంది. నయం కావడం ఒక్క రాత్రి పని కాదు, కొన్నేళ్ల పని. వినోదం కోసం తీసిన కథను మనం వైద్యశాస్త్రం అనుకున్నాం. పక్క గదిలో తల్లడిల్లే పిల్లను చూసి హంతకురాలిని చూసినట్టు జడుసుకున్నాం.

సరే, ఆ అమ్మాయే ధైర్యం చేసి సాయం వెతుక్కోబోయిందనుకోండి. ఎక్కడికి పోవాలి? అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ ఎర్రగడ్డ. అక్కడ సర్కారు మానసిక చికిత్సాలయం ఉంది, ఉస్మానియా వైద్య కళాశాలకు అనుబంధం. పైసా ఖర్చు లేకుండా చూస్తారు. కానీ ఆ స్టేషన్లో దిగడానికి ఆమెకు కాళ్లు రావు. ఎందుకంటే ఎర్రగడ్డ అన్న ఊరిపేరును మనమే తిట్టుగా మార్చాం. నిన్ను ఎర్రగడ్డలో వెయ్యాలి అని నవ్వుకుంటూ అన్న ప్రతిసారీ ఆ ఆసుపత్రి గేటు ముందు మరో అడ్డుకంచె వేశాం. విశాఖలో చినవాల్తేరు పేరుకూ ఇదే గతి పట్టించాం. నవ్వులాటగా అన్న మాటే కావచ్చు, అది ఒకరికి మందు అందకుండా చేసింది.

ఎర్రగడ్డ వద్దనుకుంటే ప్రైవేటు బోర్డులున్నాయి. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా మేడ మీద మేడగా కోచింగ్ సెంటర్ల పక్కనే కౌన్సెలింగ్, హిప్నోథెరపీ, గతజన్మ చికిత్స అంటూ బోర్డులు కనిపిస్తాయి. వీళ్లలో ఎవరు ఎవరో ఆమెకు ఎవరు చెప్పాలి? సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు, మందులు రాసే అధికారం ఉన్నవారు. క్లినికల్ సైకాలజిస్ట్ అంటే ఆ విద్యలో ప్రత్యేక శిక్షణ పొంది, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదు చేసుకున్నవారు. ఈ కౌన్సిల్‌కు 1992 చట్టం చట్టబద్ధత ఇచ్చింది. నమోదైన ప్రతి ఒక్కరికీ ఒక నంబరుంటుంది, అడిగితే చెప్పాలి. కౌన్సెలర్ అన్న పేరు మాత్రం చాలా కాలం ఎవరు పెట్టుకున్నా అడిగే దిక్కు లేకపోయింది. 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కౌన్సెలర్లనూ తన పరిధిలోకి తెచ్చింది గానీ ఆ చట్టం ఫలం వీధిలోని మనిషికి ఇంకా అందాల్సి ఉంది. కౌన్సెలర్లలో గొప్పగా పనిచేసేవాళ్లున్నారు. వారాంతపు తరగతులకు హాజరై సర్టిఫికెట్ గోడకు తగిలించుకున్నవాళ్లూ ఉన్నారు. పక్కనున్న కోచింగ్ సెంటర్లో జావా నలభై అయిదు రోజుల్లో నేర్పవచ్చునేమో గానీ, చిన్ననాడు చితికిపోయిన మనసును పట్టుకునే చెయ్యి అంత త్వరగా తయారు కాదు.

తప్పు చేతిలో పడితే ఏమవుతుందో తెలుసుకోవాలి. అనుభవం లేని మనిషి మొదటి రోజే, చెప్పు, ఏం జరిగింది, మొత్తం చెప్పు, ఏడ్చెయ్యి, తేలికవుతుంది అంటాడు. డిసోసియేషన్ ఉన్నవాళ్లకు అది తేలిక కాదు. ఆ గదిలోనే వాళ్లు మళ్లీ ఆ రోజులోకి పడిపోతారు. కొందరు ఇంటికి వెళ్లి చేతులు కోసుకుంటారు, నిద్రమాత్రలు మింగుతారు. ఇంకొకడు హిప్నాటిజంతో మరుగున పడ్డ జ్ఞాపకాలు తవ్వితీస్తానంటాడు. అలాంటి స్థితిలో పుట్టే జ్ఞాపకాల్లో జరిగినదేదో ఊహించినదేదో తేల్చలేం. నిజంగా జరిగిన అన్యాయానికి కూడా దానివల్ల విలువ పోతుంది. మరొకరు అమ్మానాన్నలను పిలిచి ఆమె చెప్పిందంతా వాళ్లకు చెప్పేస్తారు. ఇంకొకరు క్షమించెయ్యమ్మా, పెద్దవాళ్లు కదా అని నీతి బోధిస్తారు. ఒకసారి ఇలా దెబ్బతిన్న మనిషికి రెండోసారి ఇంకో తలుపు తట్టడానికి చాలా ఏళ్లు పడుతుంది. అసలు తట్టకపోవచ్చు కూడా.

మరి సరైన థెరపిస్ట్ ఎలా ఉంటారు? అమెరికన్ మనోవైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో రాసిన పుస్తకంలో కోలుకోవడానికి మూడు మెట్లు చెప్పింది. మొదట భద్రత. తర్వాత జరిగినదాన్ని తలుచుకుని దుఃఖించడం. ఆ తర్వాత మళ్లీ లోకంతో కలవడం. ట్రామా చికిత్స తెలిసినవాళ్లు మొదటి మెట్టు మీద ఎంతకాలమైనా ఓపిగ్గా నిలబడతారు. నిద్ర పడుతోందా, తింటోందా, ఇప్పుడు ఉంటున్న ఇల్లు క్షేమమేనా, బాధించిన మనిషి ఇంకా ఆ ఇంటికి వస్తున్నాడా అని ముందు అడుగుతారు. ఎదురుగా కూర్చున్న మనిషి చూపు మారగానే గుర్తుపడతారు. మాట ఆపి, పాదాలు నేలకు ఆనించమంటారు, గదిలో కనిపించే అయిదు వస్తువుల పేర్లు చెప్పమంటారు, ఈ రోజు ఏ వారమో అడుగుతారు. ఆమెను వర్తమానంలోకి తీసుకొచ్చాకే ముందుకు కదులుతారు. ఆమెలో రెండు మూడు గొంతులు వినిపిస్తే భయపడరు, వింతగా చూడరు, వాటితో ఆటలాడరు. ఆ గొంతులన్నీ ఒకే గాయపడ్డ మనిషివని గౌరవిస్తారు. డిసోసియేషన్‌ను పోగొట్టే మాత్ర ఏదీ లేదని నిజం చెబుతారు. దిగులుకూ నిద్రలేమికీ మందు కావాలంటే సైకియాట్రిస్ట్‌తో కలిసి పనిచేస్తారు.

మొదటిసారి వెళ్లినప్పుడే కొన్ని ప్రశ్నలు అడిగే హక్కు ప్రతివారికీ ఉంది. మీరెక్కడ చదివారు, మీ నమోదు నంబరేమిటి? ట్రామాతో, డిసోసియేషన్‌తో వచ్చినవాళ్లను ఇంతకుముందు చూశారా? ఏ పద్ధతిలో పనిచేస్తారు, ఎందుకు? నేను మాట్లాడుతూ మాట్లాడుతూ ఎటో వెళ్లిపోతే మీరేం చేస్తారు? నేను చెప్పింది ఎవరికి చెబుతారు, ఏ పరిస్థితిలో చెప్పక తప్పదు? అర్ధరాత్రి నా పరిస్థితి బాగోలేకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి? మీ పనిని పైనుంచి చూసి సలహా ఇచ్చే సీనియర్ ఉన్నారా? నిజంగా తెలిసినవారు ఈ ప్రశ్నలకు సంతోషిస్తారు. తెలియనిది తెలియదని చెప్పి, తెలిసినవారి దగ్గరికి పంపుతారు. ప్రశ్న అడిగినందుకే కోపగించుకున్నవారి దగ్గర, ఇన్ని సిట్టింగుల్లో పూర్తిగా నయం చేస్తానని హామీ ఇచ్చేవారి దగ్గర, ఒంటి మీద చెయ్యి వేసేవారి దగ్గర, మీకూ నాకూ మధ్య ప్రత్యేక బంధం ఉందనేవారి దగ్గర ఒక్క నిమిషం కూడా ఉండకూడదు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం లైంగిక నేరం తెలిసినవారు పోలీసులకు చెప్పితీరాలి. మంచి థెరపిస్ట్ ఈ సంగతిని పిల్లలు నోరు విప్పకముందే వాళ్లకు అర్థమయ్యేలా చెబుతారు, చెప్పాక వాళ్ల పక్కన నిలబడతారు.

భాష మరో పెద్ద సంగతి. చిన్నప్పటి భయం చిన్నప్పటి భాషలోనే ఉంటుంది. నల్గొండ పిల్లకు తన బాధ ఇంగ్లిష్‌లో చెప్పడం రాకపోవచ్చు. వచ్చినా అది పరాయిదాని బాధ చెప్పినట్టుంటుంది. ఆమె మాట్లాడే తెలుగులో వినేవాళ్లు కావాలి. ఆ పదాలకు ముఖం చిట్లించనివాళ్లు కావాలి.

ఇదంతా చదివాక మీకు ఒక సంగతి తట్టే ఉంటుంది. ఇన్ని ప్రశ్నలు అడగాలంటే ఎంత ధైర్యం కావాలి, ఎంత జ్ఞాపకశక్తి కావాలి, మనుషుల మీద ఎంత నమ్మకం కావాలి! ట్రామా దోచుకున్నవి సరిగ్గా ఆ మూడే. నమ్మినవాడి చేతిలో మోసపోయిన ఆమెను, మళ్లీ ఒక కొత్త మనిషిని నమ్మమంటున్నాం. రోజులో కొన్ని గంటలు గుర్తుండని మనిషిని పది మంది దగ్గరికి తిరిగి పోల్చి చూసుకోమంటున్నాం. నోరు విప్పినందుకు దెబ్బలు తిన్నవాడిని నిలదీసి ప్రశ్నలడగమంటున్నాం. కాలు విరిగినవాడిని ఆసుపత్రి దాకా నడిచి రమ్మనే ఊరు ఏదైనా ఉందా? మనసు విరిగినవాళ్లను మాత్రం అలాగే నడిపిస్తున్నాం. ఇది వాళ్ల దురదృష్టం అనుకుని చేతులు దులుపుకోలేం. ఇది మన తప్పు. మనం చేసిందే గనుక మనమే సరిదిద్దాలి.

మొట్టమొదట కుటుంబాలకు చెబుతున్నాను. పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయనే మాట ఇక మానండి. పెళ్లి చికిత్స కాదు. ముట్టుకుంటే బిగుసుకుపోయే మనిషిని ఒక కొత్త ఇంట్లోకి, కొత్త పడకగదిలోకి పంపడం ఆమెకూ అన్యాయమే, ఆమెను కట్టుకున్నవాడికీ అన్యాయమే. చెల్లెలికి సంబంధాలు రావని అక్క గాయాన్ని దాచిపెట్టడం ఇద్దరికీ ద్రోహం. మీ పిల్ల వచ్చి ఫలానా బంధువు నాతో ఇలా ప్రవర్తించాడని చెబితే మొదటి మాటగా, నిన్ను నమ్ముతున్నాను అనండి. ఎందుకిప్పుడు చెబుతున్నావు అని అడగకండి. ఎన్నేళ్లు చెప్పలేక నలిగిపోయిందో ఆలోచించండి. ఆ బంధువు వచ్చే పండక్కి మీ ఇంట్లో విస్తరి ముందు కూర్చుంటే, ఏ థెరపిస్టూ మీ పిల్లను బాగుచెయ్యలేరు. చికిత్స మొదలుపెట్టిన నెలలోనే, ఇంకా తగ్గలేదా అని అడగకండి. డబ్బు కడుతున్నాం కదా, లోపల ఏం మాట్లాడుకున్నారో చెప్పమని నిలదీయకండి.

హాస్టళ్లు నడిపేవాళ్లకూ కోచింగ్ సెంటర్ల యజమానులకూ చెబుతున్నాను. మీ గదుల అద్దెతో, మీ కోర్సుల ఫీజుతో బల్కంపేట, అమీర్‌పేట బతుకుతున్నాయి. ఊళ్ల నుంచి కన్నవాళ్లను వదిలి వచ్చిన పిల్లలు మీ చేతుల్లో ఉన్నారు. ఒక పిల్ల తేడాగా కనిపిస్తే ఇంటికి పంపేయడం ఒక్కటే మీకు తెలిసిన మార్గం కాకూడదు. ఆ ఇంట్లోనే ఆమెకు గాయమై ఉండవచ్చు. ప్రతి వార్డెన్‌కూ ఇంత తెలిస్తే చాలు: ఆమె చుట్టూ జనాన్ని తగ్గించాలి, మెల్లగా పేరు పెట్టి పిలవాలి, చెప్పకుండా ముట్టుకోకూడదు, ఒంటరిగా వదలకూడదు, తెల్లారాక సాయం దొరికే చోటికి తోడు పంపాలి. నోటీసుబోర్డు మీద మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416 రాసిపెట్టండి. 2022 అక్టోబరు 10న కేంద్రం ప్రారంభించిన ఈ లైన్ ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది. తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు.

ఊళ్లలోనూ బస్తీల్లోనూ మొదట నాడి పట్టే ఆర్ఎంపీలకూ జనరల్ డాక్టర్లకూ చెబుతున్నాను. రిపోర్టులు నార్మల్ అని వచ్చినప్పుడు మీ నోటివెంట వచ్చే తర్వాతి వాక్యం ఒక జీవితాన్ని నిలబెట్టగలదు, కూల్చగలదు. ఏమీ లేదు, తీసుకుపొండి అనకండి. మెదడులో జబ్బు లేదు, ఈమె కష్టం మాత్రం నిజం, దీనికి వేరే డాక్టర్లున్నారు అనండి. ఆ డాక్టరు పేరు కాగితం మీద రాసి ఇవ్వండి. ఒక్క నిమిషం ఇంటివాళ్లను బయట ఉండమని, ఆమెతో విడిగా మాట్లాడండి. తీసుకొచ్చినవాడే బాధించినవాడు కావచ్చు.

ఇక గుళ్లకూ దర్గాలకూ. మన జనం వైద్యుడి దగ్గరికంటే ముందు దేవుడి దగ్గరికే వస్తారు. వాళ్ల నమ్మకాన్ని నేను తప్పుపట్టను. కానీ 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో జరిగినదాన్ని మరిచిపోకూడదు. దర్గా దగ్గర నయమవుతుందని తెచ్చి గొలుసులతో కట్టేసిన మానసిక రోగుల్లో 28 మంది, మంటలంటుకుంటే పారిపోలేక కాలి చనిపోయారు. గొలుసులతో కట్టడం ఇప్పుడు చట్టం నిషేధించిన నేరం. దారి మరొకటి ఉందని గుజరాత్‌లో ఉనావా ఊళ్లోని మీరా దాతర్ దర్గా చూపించింది. అక్కడ దర్గా పెద్దలూ మానసిక వైద్యులూ చేతులు కలిపారు. ప్రార్థన చేయించుకున్నవాళ్లనే పక్కనున్న డాక్టరు దగ్గరికి పంపుతారు. దవా (మందు), దువా (ప్రార్థన) రెండూ ఒకే ఆవరణలో. బల్కంపేట గుడి దేవాదాయ శాఖ చేతిలోనే ఉంది. ఎర్రగడ్డ ఆసుపత్రి అమీర్‌పేట నుంచి మూడు స్టేషన్ల దూరంలో ఉంది. రెండూ సర్కారువే. మంగళవారాలూ ఆదివారాలూ గుడి పక్కన ఒక బల్ల వేసి, ఒక మనోవైద్యుడినో క్లినికల్ సైకాలజిస్ట్‌నో కూర్చోబెట్టడానికి అడ్డం ఏముంది? పూజారి, అమ్మవారికి మొక్కుకున్నావు కదా తల్లీ, ఆ డాక్టరమ్మనూ ఒకసారి చూడు అంటే, మన మాటలన్నీ చేరలేని చోటికి ఆ మాట చేరుతుంది.

ప్రభుత్వానికి చెప్పాల్సింది చట్టంలోనే రాసి ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. మానసిక వైద్యం పొందడం ప్రతి వ్యక్తి హక్కు అని దాని 18వ సెక్షన్ అంటుంది. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే, పెద్దవాళ్లలో వందకు పదిమందికి పైగా మానసిక సమస్యతో ఉన్నారనీ, జబ్బును బట్టి వాళ్లలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదనీ తేల్చింది. దేశంలో లక్ష మందికి ఒక సైకియాట్రిస్ట్ కూడా లేరు. హక్కు రాసిచ్చి వైద్యుణ్ణి ఇవ్వకపోతే ఆ హక్కుకు అర్థం లేదు. ప్రతి జిల్లా ఆసుపత్రిలో ట్రామా చికిత్స నేర్చిన ఒక్కరినైనా నియమించాలి. నమోదైన క్లినికల్ సైకాలజిస్టుల జాబితాను తెలుగులో, ప్రాంతాలవారీగా అందరికీ కనిపించేలా పెట్టాలి. అర్హత లేని బోర్డులను దింపించాలి. బీమా కంపెనీలు ఒంటి జబ్బులతో సమానంగా మనసు జబ్బులనూ చూడాలని అదే చట్టం 21వ సెక్షన్ ఆదేశించింది. అయినా చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. వారం వారం ఏళ్ల తరబడి సాగాల్సిన థెరపీకి వేలకు వేలు ఎవరు పెట్టగలరు? డబ్బున్నవాళ్లకే స్వస్థత దొరికే ఏర్పాటు న్యాయం కాదు.

అదే చట్టంలో అందరూ తెలుసుకోవాల్సిన మరో సంగతి ఉంది. 14వ సెక్షన్ ప్రకారం పెద్దవాళ్లెవరైనా తమకు నమ్మకమైన ఒక మనిషిని తమ ప్రతినిధిగా పెట్టుకోవచ్చు. తెల్లకాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేస్తే చాలు. ఆ మనిషి రక్తబంధువే కానక్కర్లేదు. ఇంట్లోనే గాయపడ్డవాళ్లకు ఇది ఎంత పెద్ద ఊరటో ఆలోచించండి. స్నేహితురాలు కావచ్చు, పాత టీచరు కావచ్చు, పక్కింటి పెద్దావిడ కావచ్చు. చట్టం ఆ స్థానాన్ని సిద్ధంగా ఉంచింది. అందులో నిలబడడానికి మనుషులే కావాలి.

ఆ మనిషి మీరు కాగలరు. దీనికి చదువు అక్కర్లేదు. ఎవరైనా తన గాయం గురించి మీతో చెప్పబోతే వివరాలు గుచ్చిగుచ్చి అడగకండి. ఎక్కడికి వెళ్లాలో వెతకడం నాకు వదిలెయ్యి అనండి. నలుగురికి ఫోన్ చేసి అర్హతలు కనుక్కోవడం, ఫీజు అడగడం, ప్రశ్నలు కాగితం మీద రాసివ్వడం, మొదటి రోజు తోడు వెళ్లి బయట బెంచీ మీద కూర్చోవడం మీరు చెయ్యగలిగిన పనులు. మొదటి థెరపిస్ట్ కుదరకపోతే అది ఆమె తప్పు కాదని చెప్పి రెండో చోటికి తీసుకువెళ్లడం మీ పనే. విన్నదాన్ని మీ కడుపులోనే దాచుకోవడం కూడా.

పూనకం వచ్చిన అపరిచితురాలిని పడిపోకుండా పట్టుకునే జనం మనం. ఆ గుణం మనలో ఉంది, కొత్తగా నేర్చుకోవాల్సింది కాదు. మీ ఇంట్లో, మీ హాస్టల్లో, మీ ఆఫీసులో తననుంచి తాను తప్పిపోతున్న మనిషి ఎవరో ఇప్పటికే మీకు తెలిసి ఉంటుంది. ఈ పత్రిక పక్కన పెట్టి వాళ్లను పలకరించండి. తోడు వస్తానని చెప్పండి, చెప్పినట్టే వెళ్లండి.